మొద్దుతో... మెలకువగా!

చెట్టు కొడుతుంటే చుట్టూ జనం మూగుతారు. అది నేల మీద పడగానే ‘అమ్మయ్య’ అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. కూలీల అసలు పని మొదలయ్యేది అప్పుడే. పడిన చెట్టును దుంగలు చేయాలి. వాటిని పొలం దాటించాలి, బండెక్కించాలి, కోత మిల్లుకు చేర్చాలి. క్రేన్ రాలేని చోట మోకు, గడ్డపార, గిలక, ట్రాక్టరే దిక్కు. హైదరాబాద్ గడపలో ఉన్న ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల ఈ పని వెనక ఎంత లెక్క ఉందో, ఆ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసా?

సాగర్ రోడ్డు పక్కన...

ఎల్బీనగర్ దాటి నాగార్జునసాగర్ దారి పట్టుకుంటే బీఎన్ రెడ్డి నగర్, గుర్రంగూడ, తుర్కయంజాల్, రాగన్నగూడ... ఊళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి. ఏది ఎక్కడ ముగిసిందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. బొంగ్లూర్ గేటు దగ్గర ఔటర్ రింగ్‌రోడ్డు దాటాక కంటికి కాస్త పచ్చదనం తగులుతుంది. మంగళ్‌పల్లి, శేరిగూడల మీదుగా ఇంకొంచెం ముందుకు పోతే ఇబ్రహీంపట్నం. హైదరాబాద్‌కు దాదాపు ముప్ఫై కిలోమీటర్ల దూరం. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరే ఊరికీ, ఊరి పెద్దచెరువుకూ నిలిచిపోయింది.

ఒకే మండలంలో రెండు కాలాలను చూడాలనుకుంటే ఇక్కడికే రావాలి. ఆదిబట్లలో 2018లో మొదలైన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. అక్కడ ఏ భాగాన్ని ఎత్తాలన్నా దాని బరువెంతో, దేనితో ఎత్తాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే కాగితం మీద ఉంటుంది. అక్కడికి కొద్ది దూరంలోని పొలం గట్టు మీద మాత్రం హెలికాప్టర్ బాడీకి ఏమాత్రం తీసిపోని బరువుండే చింత మొద్దును నలుగురు మనుషులు మోకులతో కదిలిస్తారు. వాళ్లకు కాగితం ఉండదు. ఉన్నదల్లా అనుభవం, ఒకరి మీద ఒకరికి నమ్మకం.

ఈ ప్రాంతంలో పొలం గట్ల మీద వేప, చెరువు శిఖాల్లో నల్లతుమ్మ, పాత బావుల దగ్గర చింత కనిపిస్తాయి. ఇదే రోడ్డు మీద యాచారం, మాల్ దాటి నల్గొండ జిల్లాలో అడుగుపెడితే ఓ ఊరి పేరే చింతపల్లి! చెట్టు నరకడానికి కారణాలు ఎన్నో. ఓ చోట రోడ్డు వెడల్పవుతుంది. ఇంకో చోట చేను ప్లాట్లవుతుంది. ఎండాకాలం చివర్లో వచ్చే గాలిదుమారానికి తనంతట తానే కూలిపోయే చెట్లూ ఉంటాయి.

ఏ చెట్టుకు ఆ గిరాకీ ఉంది. వేపకు చెదలు తొందరగా పట్టవు కాబట్టి తలుపులకూ ద్వారబంధాలకూ వాడతారు. నల్లతుమ్మ గట్టి కర్ర. నాగళ్లకూ బండి చక్రాలకూ ఒకప్పుడు అదే ఆధారం. చింత మొద్దు మాంసం దుకాణానికి పోతుంది. కత్తి దెబ్బకు చీలదు, పేళ్లు లేవవు. బక్రీద్ ముందు హైదరాబాద్‌లో ఈ మొద్దులకు ఎక్కడలేని గిరాకీ. మిగిలిన కొమ్మలు పొయ్యిలకూ బట్టీలకూ పోతాయి.

అయితే సొంత పొలంలోని చెట్టే కదా అని ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. బదులుగా మొక్కలు నాటాలి. కలపను రోడ్డెక్కించాలన్నా అటవీశాఖ నిబంధనలు ఉన్నాయి. చెట్టుకు చట్టం ఉంది సరే... మరి దాన్ని మోసే మనిషికి?

కంటికి ఆనని బరువు

దుంగ విషయంలో మొదటి మోసం కంటిదే. అడుగు మందం, పది అడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ ఒకటి ఉందనుకోండి. పచ్చి కర్ర బరువు ఇంచుమించు నీటి బరువంత ఉంటుంది. అంటే ఒక ఘనపుటడుగు 28 కిలోల చొప్పున ఈ దుంగ రెండు క్వింటాళ్ల పైచిలుకు తూగుతుంది. నలుగురు కలిసి కదిలించగలరు.

అదే పొడవుతో మందం రెండడుగులైతే? రెట్టింపు అవుతుందనుకుంటాం. కాదు, నాలుగింతలవుతుంది. దాదాపు తొమ్మిది క్వింటాళ్లు! మూడడుగుల మందమైతే ఏకంగా ఇరవై క్వింటాళ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే ‘కొంచెం లావు’ అనిపిస్తుందంతే. ఆ ‘కొంచెం’ దగ్గరే తాళ్లు తెగుతాయి, నడుములు పట్టేస్తాయి.

ఇంకో మోసం కొలతలో ఉంది. కలప వ్యాపారంలో చాలాకాలంగా ఒక పద్ధతి నడుస్తోంది. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. కోతలో పోయే పొట్టు, పక్క చెక్కలు తీసేసి వచ్చే కలపను అంచనా వేయడానికి ఇది పనికొస్తుంది. కానీ దుంగలో నిజంగా ఉన్న కర్రలో ఇది నూటికి డెబ్భై ఎనిమిది వంతులే లెక్క చెబుతుంది. రెండడుగుల మందం, పదడుగుల పొడవున్న దుంగ ఈ కొలతలో 25 అడుగుల లోపే తేలుతుంది. అసలు ఉన్నది 31 అడుగులకు పైనే. షావుకారు చెప్పిన అడుగులు చూసి బరువు లెక్కేసుకుంటే ఏడు క్వింటాళ్లే అనిపిస్తుంది. మిగిలిన రెండు క్వింటాళ్లు కాగితం మీద ఉండవు... మోకు మీద మాత్రం ఉంటాయి!

అందుకే తెలిసిన మేస్త్రీ ముందు చుట్టుకొలత చూస్తాడు. తర్వాత చెట్టు పచ్చిదా, ఎండిందా అని చూస్తాడు. ఆ తర్వాతే తాడు అడుగుతాడు.

ఎత్తొద్దు... దొర్లించండి!

తొమ్మిది క్వింటాళ్ల దుంగను నాలుగడుగుల ఎత్తున్న ట్రాలీలోకి ఎక్కించాలి. ఎత్తాలంటే ఊరు ఊరంతా రావాలి. కానీ నలుగురైదుగురు చాలంటారు పాతకాపులు. ఎలా?

ట్రాలీ అంచు నుంచి నేల మీదికి రెండు గట్టి వాసాలు ఏటవాలుగా ఆనిస్తారు. వాటి పొడవు పన్నెండు అడుగులు ఉంటే వాలు మూడింట ఒకటి. అంటే తొమ్మిది క్వింటాళ్లను పైకి నెట్టడానికి మూడు క్వింటాళ్ల బలం చాలు. ఇక్కడితో అయిపోలేదు. రెండు మోకుల కొనలను ట్రాలీకి కట్టి, దుంగ కింది నుంచి పోనిచ్చి, పై నుంచి మళ్లీ ట్రాలీ వైపుకే తెస్తారు. అవతల నిలబడి లాగుతారు. అప్పుడు దుంగే ఓ పెద్ద గిలకైపోతుంది. కావాల్సిన బలం ఇంకా సగమవుతుంది. మూడు క్వింటాళ్లు కాస్తా ఒకటిన్నర! రెండు మోకులకు పంచితే ఒక్కో దాని మీద 75 కిలోలు. రాపిడిని కలుపుకున్నా ఒక్కో మోకుకు ఇద్దరు మనుషులుంటే సరిపోతుంది.

ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చదవని మనుషులు ఈ సూత్రాన్ని తరతరాలుగా చేతులతో అప్పజెప్పుకుంటూ వచ్చారు. చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న ఇబ్రహీంపట్నంలో ఈ ముచ్చట చెప్పుకోవడం బాగుంటుంది కదూ!

ఈ పద్ధతిలో అందం ఒక్కటే కాదు, ప్రాణరక్షణ కూడా ఉంది. లాగేవాళ్లు దుంగకు పై వైపున ఉంటారు. మోకు జారినా, వాసం విరిగినా దుంగ కిందికి దొర్లుతుంది, అక్కడ ఎవరూ ఉండరు. అదే తాళ్లు లేకుండా కింది నుంచి భుజాలతో నెడితే? జారిన దుంగకు మొదట తగిలేది మనిషే. రెండింటికీ పట్టే సమయంలో తేడా పావుగంట. ఆ పావుగంట మిగుల్చుకుందామనుకున్న చోటే కాళ్లు పోతాయి.

వాసాల మీద దుంగ ఓ జానెడు ఎక్కగానే వెనక అడ్డుదిమ్మె పడాలి. మళ్లీ జానెడు, మళ్లీ దిమ్మె. దిమ్మె పెట్టే మనిషి పక్క నుంచి, పొడుగు కర్రతో తోయాలి తప్ప చేతితో పెట్టకూడదు. కాలితో ఆపడం అసలే వద్దు. ‘నిదానమే ప్రధానం’ అన్న మాట ఇలాంటి పని చేసినవాళ్ల నోటి నుంచే పుట్టి ఉంటుంది.

గిలక చెప్పని సంగతి

బావి గిలక అందరికీ తెలిసిందే. దానివల్ల బరువు తగ్గదు. పైకి లాగాల్సింది కిందికి లాగుతాం, అంతే. బరువు తగ్గాలంటే గిలక కదలాలి. దాన్ని దుంగకే కట్టి, తాడు ఒక కొనను ఎదురుగా ఉన్న చెట్టుకు బిగించి, రెండో కొనను లాగితే సగం బలంతో పని జరుగుతుంది. దుంగ గజం జరగాలంటే తాడు రెండు గజాలు లాగాలి. బలంలో మిగిలింది దూరంలో కట్టాలన్నమాట.

ఎండిన నేల మీద దుంగను ఈడ్చాలంటే దాని బరువులో సగం, ఒక్కోసారి అంతకు మించి బలం కావాలి. ముందు కొన మట్టిలో దిగబడితే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే ముందు కొనను కాస్త పైకి లేపడం మొదటి ఉపాయం. దాని కింద చెక్క పలకో, పాత రేకో వేసినా చాలు, దున్నుకుపోకుండా జారుతుంది. అమెరికా, యూరప్ దేశాల్లో చిన్న రైతులు రెండు చక్రాల మీద విల్లులా వంగిన ఇనుప చట్రాన్ని వాడతారు. దుంగ కొనను దానికి వేలాడదీసి ఒక్క మనిషే నడిపించుకుపోతాడు. ఊళ్లో వెల్డింగ్ షాపుల వాళ్లకు బొమ్మ చూపిస్తే చేసి పెట్టలేనంత కష్టమైన పనేం కాదది.

ఇక చైన్ పుల్లీ. మోటారు మెకానిక్ షెడ్లలో ఇంజిన్లు ఎత్తడానికి వాడేదే. టన్ను, రెండు టన్నులు, మూడు టన్నులు అని దాని మీదే రాసి ఉంటుంది. ఒక్క మనిషి గొలుసు లాగుతుంటే టన్ను బరువు మెల్లగా లేస్తుంది. చెయ్యి వదిలినా బరువు కిందికి జారకుండా లోపల బ్రేకు పట్టుకుంటుంది. అయితే దాని మీద రాసిన అంకె పుల్లీకి మాత్రమే. దాన్ని తగిలించిన కొమ్మకు కాదు, కట్టిన తాడుకు అంతకన్నా కాదు.

గిలక చెప్పని అసలు సంగతి ఇక్కడే ఉంది. లాగుడు దిశ మార్చడానికి ఓ చెట్టుకు గిలక కట్టారనుకోండి. తాడు వెళ్లిన వైపుకే తిరిగి వస్తుంటే, ఆ చెట్టు మీద పడేది లాగినదానికి రెట్టింపు. ఐదు క్వింటాళ్లు లాగితే చెట్టుకు కట్టిన కట్టు మీద పది క్వింటాళ్లు! దుంగ కదులుతోందా లేదా అని అందరూ అటే చూస్తుంటారు. తెగేది మాత్రం వెనకున్న కట్టు.

దుంగను రెండు చోట్ల కట్టి, రెండు తాళ్లనూ పైన కలిపి ఎత్తేటప్పుడు ఇంకో తిరకాసు. తాళ్లు పొడుగ్గా ఉండి నిటారుగా పైకి వెళితే బరువు చెరి సగం పంచుకుంటాయి. తాడు పొదుపు చేద్దామని పొట్టిగా కడితే రెండూ బాగా విచ్చుకుంటాయి. వాటి మధ్య కోణం 120 డిగ్రీలకు చేరిందా... ఒక్కో తాడు మీద మొత్తం దుంగ బరువంత లాగుడు పడుతుంది. మిగుల్చుకున్నది రెండు గజాల తాడు. పణంగా పెట్టింది నలుగురి ప్రాణాలు.

ట్రాక్టర్ ముందు కాళ్లెత్తితే...

ఒకప్పుడు దుంగను ఎడ్లు లాగేవి. దుంగ ఎక్కడైనా వేరుకు తట్టుకుంటే ఎద్దు ఆగిపోయేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. మొండికేసిందని తిట్టుకునేవాళ్లు గానీ, అది చేసింది మంచిపనే. ట్రాక్టర్‌కు ఆ తెలివి లేదు. వెనకున్న దుంగ కదలకపోయినా వెనక చక్రాలు తిరగాలనే చూస్తాయి. చక్రాలు తిరగలేకపోతే ట్రాక్టరే వాటి చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్ క్లచ్ తొక్కేలోపే అంతా అయిపోతుంది.

ఇలా జరగడానికి ముఖ్య కారణం గొలుసు కట్టిన చోటు. లాగడానికి కంపెనీ వాళ్లు ట్రాక్టర్ వెనక కింది భాగంలో డ్రాబార్ ఇచ్చేది ఊరికే కాదు. గొలుసు అక్కడ కడితే ముందు చక్రాలు నేలను అంటిపెట్టుకునే ఉంటాయి. సీటు కింద ఇరుసుకో, పైన టాప్‌లింక్ కొక్కేనికో కడితే ట్రాక్టర్‌ను వెనక్కి పడదోసే బలం మనమే ఇచ్చినట్టు. చేతికి దగ్గరగా ఉంది కదా అని పైన కట్టేవాళ్లు ఉన్నారు. వంగి కింద కట్టడానికి పట్టేది అర నిమిషమే.

గొలుసును ఒక్కసారిగా గుంజడం కూడా ప్రమాదమే. మొదట వదులు తీయాలి, బిగువు చూడాలి, తర్వాతే మెల్లగా కదలాలి. బిగుసుకున్న ఇనుప తాడుగానీ నైలాన్ తాడుగానీ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. లాగుతున్నంతసేపూ దానికి అటూ ఇటూ ఎవరూ నిలబడకూడదు, దాటకూడదు. తాడు మధ్యలో ఓ తడి గోనెసంచి వేలాడదీస్తే తెగినప్పుడు దాని ఊపు కొంత చస్తుంది. చిన్న ఉపాయమే!

గోదారిలో తేలి... గుడిలో నిలిచి

బరువైన దుంగను తేలిగ్గా కదిలించడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. భద్రాచలం మన్యం నుంచి కలపనూ వెదురునూ తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా తేల్చుకొచ్చేవాళ్లు. మోయాల్సిన బరువును నదే మోసేది. కోస్తాలో బెస్తలు దుంగలను పక్కపక్కన పేర్చి కట్టిన తెప్పల మీదే వేటకు పోయేవాళ్లు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా మోసుకుపోయి ఆరబెట్టేవాళ్లు. పెద్ద బరువును చిన్న బరువులుగా చేసుకోవడం వాళ్లకు తెలిసిన విద్య.

తెలంగాణ పల్లెల్లో నది లేకపోయినా ఊరంతా కలిసి దుంగను కదిలించే సందర్భం ఒకటుంది. అదే ధ్వజస్తంభ ప్రతిష్ఠ. టేకో, నారేపో... వంకర లేని ఒంటి మానును వెతికి, పూజ చేసి ఊరికి తెస్తారు. గుంతలో నవధాన్యాలు, నాణేలు వేసి, నలువైపులా మోకులు కట్టి మెల్లగా నిలబెడతారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని హైడ్రా క్రేన్ చేస్తోంది. మోకులతో నిలబెట్టేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. ముందుకు లాగేవాళ్లు ఎంత ముఖ్యమో, వెనక నుంచి బిగపట్టి కొంచెం కొంచెంగా వదిలేవాళ్లు అంతకంటే ముఖ్యం. స్తంభం నిటారుకు చేరే ఆఖరి క్షణంలో దాన్ని ఆపేది వాళ్లే.

అక్కడ కేకేసేది కూడా ఒక్కడే. పదిమంది పది మాటలు చెబితే స్తంభం పదకొండో వైపుకు పోతుంది! ‘ఐలేసా’ అనే కేక ఉత్సాహానికి మాత్రమే అనుకుంటాం. నిజానికి అది అందరి బలాన్నీ ఒకే క్షణానికి చేర్చే గడియారం. ‘ఆగు’ అన్న మాట మాత్రం ఎవరైనా అనొచ్చు. చివర నిలబడ్డ పద్దెనిమిదేళ్ల కుర్రాడన్నా సరే, అందరి చేతులూ ఆగాలి. దుంగల పనిలో ఈ ఒక్క కట్టుబాటు ఉంటే సగం ప్రమాదాలు దగ్గరికి రావు.

ఇల్లు చేరితేనే కూలి

దుంగల కూలీలు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ. పని అయిపోగానే ఎవరికి వారే. కాలు నలిగితే ఆ సీజనంతా పోయినట్టే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే భార్యో, చదువు మానేసిన కొడుకో కూలికి పోవాలి. ఆ నష్టం ఏ షావుకారు లెక్కలోనూ కనిపించదు.

చెట్టు కొట్టించే రైతు తలచుకుంటే కొన్ని పనులు తేలిగ్గా చేయొచ్చు. పని మొదలుపెట్టే ముందు దుంగ పోవాల్సిన దారిలోని రాళ్లూ కంపా తీయించాలి. నానిన మోకును, పీచులేచిన మోకును పక్కన పడేయించాలి. దుంగను మరీ పొడుగ్గా కాకుండా కోయించాలి. పదడుగులది ఐదడుగులైతే బరువూ సగమే. చెప్పుల్లేని కాళ్లతో పనిలోకి దిగనివ్వకూడదు. పిల్లలనూ చూడవచ్చినవాళ్లనూ దూరంగా ఉంచాలి. చీకటి పడ్డాక ‘ఇదొక్కటీ ఎక్కించేద్దాం’ అనే మాట రానివ్వకూడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకు?

అయినా జరగరానిది జరిగి ఎవరి కాలైనా దుంగ కింద ఇరుక్కుంటే కంగారులో దాన్ని దొర్లించకూడదు. దొర్లితే బరువు ఇంకా పైకి వస్తుంది. ముందు రెండు వైపులా దిమ్మెలు వేసి దుంగ కదలకుండా చేయాలి. 108కి ఫోన్ చేయాలి. నేరుగా పైకి లేపే వీలుంటేనే గడ్డపారలతో కొద్దికొద్దిగా లేపుతూ, కింద దిమ్మెలు పేర్చుకుంటూ పోవాలి. చాలాసేపు నలిగి ఉంటే వైద్య సిబ్బంది వచ్చాకే బరువు తీయడం మంచిది.

కూలీలకు తెలియాల్సిన సంగతి ఇంకోటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి కట్టాల్సింది 20 రూపాయలే. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లెవరైనా చేరొచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు, ఒక కాలో చెయ్యో శాశ్వతంగా పోతే లక్ష రూపాయలు వస్తాయి. పోయినదానికి అది బదులు కాదు. కానీ రెండు టీల ఖర్చుతో ఇంటికో చిన్న ఊత దొరుకుతుంది.

2015 జులైలో హరితహారం మొదలైంది ఈ రంగారెడ్డి జిల్లాలోని చిలుకూరులోనే. అలా నాటిన మొక్కలు రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద మానులయ్యాయి, అవుతున్నాయి. వాటిలో కొన్ని ఏదో ఒకనాడు గాలికో, రోడ్డుకో, వయసుకో కూలక తప్పదు. ఆ రోజుకు క్రేన్లు ఇంకా పెరగొచ్చు. కానీ క్రేన్ పోలేని సందూ, దిగలేని చేనూ అప్పుడూ ఉంటాయి. అక్కడ మళ్లీ నలుగురు మనుషులూ రెండు మోకులే కావాలి. చెట్టును పెంచడం నేర్పుతున్నాం, బాగుంది. పడిపోయిన చెట్టును మనిషికి దెబ్బ తగలకుండా సాగనంపడమూ నేర్పితే ఇంకా బాగుంటుంది. మొద్దుకు తెలివి లేదు, నిజమే. అది ఎటు దొర్లబోతోందో ముందే కనిపెట్టాల్సిన తెలివి మనిషిదే కదా!